తొలి సెక్టారుపై అధికారము

కంప్యూటరును కొని తెచ్చుకొన్న గృహస్థుడు మీట నొక్కినంతనే తెరపై ఏ ఆపరేటింగ్ సిస్టము మేల్కొనవలెనో నిర్ణయించు అధికారము యంత్రమును కూర్చినవానిదా, సాఫ్ట్‌వేరును అమ్మినవానిదా, లేక యజమానిదా అను ప్రశ్న నాలుగు దశాబ్దములుగా హార్డ్ డిస్కులోని మొట్టమొదటి సెక్టారు చుట్టును తిరుగుచున్నది. ఒకే యంత్రమున రెండు మూడు వ్యవస్థలను నెలకొల్పి, కోరినపుడు కోరినదానిని లేపుకొను ఏర్పాటు సాంకేతికుల వినోదమని పలువురు తలంతురు గాని, కొండపల్లి, ఇబ్రహీంపట్నము, మైలవరము పరిసరములలో ఇంజనీరింగు చదువుకొన్న పిల్లల ఇండ్లలోనికి లినక్సు అడుగు పెట్టినది ఆ ద్వారముననే. దాని వెంబడి తెలుగు తెర వచ్చినది.

1967లో హైదరాబాదున అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున వెలసిన ఈసీఐఎల్ సంస్థ టీడీసీ శ్రేణి కంప్యూటరులను నిర్మించిన కాలమున ఇట్టి ప్రశ్నకు తావు లేదు. ఆ తరపు చిన్న కంప్యూటరులు సామాన్యముగా తమంత తాము మేల్కొనునవి కావు; నిర్వాహకుడు ముందుపలక మీది మీటలను పైకి క్రిందికి వేసి కొలది ఆదేశములను స్వహస్తముతో మెమరీలోనికి ఎక్కించి, వాని సాయమున రంధ్రములు గల కాగితపు పట్టీనుండి తక్కిన ప్రోగ్రామును చదివింపవలసి యుండెను. ఏ పట్టీ నెక్కించిన ఆ ప్రోగ్రామే నడచెడిది.

డిస్కును పంచుకొనవలసిన అవసరము 1983 మార్చిలో వచ్చినది. పది మెగాబైట్ల హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీని, దానితోపాటు డాస్ రెండవ కూర్పును వెలువరించిన ఐబీఎం వారు, డిస్కులోని తొలి సెక్టారును ఒక చిత్రమైన కట్టుబాటుతో అమర్చిరి. ఆ సెక్టారు మొత్తము 512 బైట్లు. అందు 446 బైట్లు యంత్రమును మేల్కొలుపు ప్రోగ్రామునకు, 64 బైట్లు విభాగముల పట్టికకు, చివరి రెండు బైట్లు సెక్టారు చెల్లునని తెలుపు ముద్రకు. పట్టికలో ఒక్కొక్కటి 16 బైట్లు గల నాలుగే వరుసలు. అనగా నాలుగు వేర్వేరు వ్యవస్థలు ఒకే డిస్కున కాపురముండ వచ్చునని ఆనాడే అంగీకరించినట్లు. అయినను ఒక సమయమున ఒక్క విభాగమునకు మాత్రమే క్రియాశీల ముద్ర పడును. వ్యవస్థను మార్చవలెనన్న ఎఫ్‌డిస్కు అను ప్రోగ్రామును నడిపి, ముద్రను మార్చి, యంత్రమును తిరిగి లేపవలెను. అంత ఇరుకైన చోట నలుగురికి తావు విడిచిన ఆ ఔదార్యమును నేను గొప్పదిగానే యెంచెదను.

1991లో హెల్సింకి విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలును, అనగా వ్యవస్థ మూలభాగమును, లోకమునకు విడిచిన పిమ్మట వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రచించిన లిలో అను బూట్ లోడరు ప్రచారమునకు వచ్చెను. ప్రకాశం బ్యారేజి ఎగువన నిలిచిన కృష్ణ నీరు ఏ కాలువకు సాగవలెనో తలతూముల యొద్ద తేలునట్లు, మేల్కొనిన యంత్రము ఏ వ్యవస్థకు లొంగవలెనో ఇక్కడ తేలెడిది. లిలో ఒక్కొక్క మెట్టు దాటినపుడెల్ల తన పేరులోని ఎల్, ఐ, ఎల్, ఓ అను అక్షరములను ఒక్కొక్కటిగా తెరపై ముద్రించెడిది. నాలుగును కనబడినచో క్షేమము. మొదటి రెండింటి యొద్దనే తెర స్తంభించెనా, రెండవ దశ ప్రోగ్రాము మెమరీకి వచ్చియు నడువలేకపోయినదని అర్థము. కెర్నెలు డిస్కుపై ఎచ్చట నున్నదో ఆ స్థానమునే గాని ఫైలు పేరును లిలో ఎరుగదు. కావున కెర్నెలు మార్చిన ప్రతిసారియు లిలో ఆదేశమును మరల నడుపవలెను, మరచిన యంత్రము లేవదు. మదర్‌బోర్డులోని పాత బయాసు ప్రోగ్రాము 1024 సిలిండరులకు ఆవల చూడలేదు గనుక డిస్కు మొదటనే కెర్నెలుకై చిన్న విభాగమొకటి కేటాయించుట ఆనాటి ఆచారము.

ఈ శ్రమ కంతటికిని మీద, విండోసును తిరిగి స్థాపించినపుడెల్ల అది తొలి సెక్టారును అడుగకయే చెరిపి తనదిగా చేసికొనెడిది. ముందు విండోసు, తరువాత లినక్సు అను క్రమము అట్లు పుట్టినది. విద్యార్థులు దానిని నియమముగా ఒకరికొకరు చెప్పుకొనెడివారు. 1995లో ఎరిక్ బోలీన్ ప్రారంభింపగా 1999లో గ్నూ ప్రాజెక్టులో చేరిన గ్రబ్ అను బూట్ లోడరు మాత్రము ఫైలు వ్యవస్థలను తానే చదువగలిగి, మెనూ చెడినను ఆదేశములు టైపు చేసి కెర్నెలును వెదకి లేపుటకు వీలు కల్పించెను. టెలిఫోను తీగమీద అంతర్జాలము నత్తనడక నడచిన ఆ దినములలో పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చిన లినక్సు సీడీలు చేతులు మారుచు ఊరూర తిరిగెను.

తెలుగు తెర సంగతి కొంత విస్తరించి చెప్పవలసినది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను తెలుగు ఫాంటు చేరినను, సంక్లిష్ట లిపుల సదుపాయమును వేరుగా స్థాపించు నంతవరకు గుణింతములు, ఒత్తులు చెల్లాచెదరుగానే కనబడెడివి. కెనడాలో నివసించిన తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అను యూనికోడ్ ఫాంటులను నిర్మించి స్వేచ్ఛగా విడువగా అవి లినక్సు పంపిణీలలోనికి చేరెను. 2005లో స్వచ్ఛంద కార్యకర్తల కృషిచే స్వేచ్ఛ అను పేర తెలుగు గ్నూ లినక్సు వెలువడెను. 2007లో సీడాక్ వారి బాస్ అను లినక్సు వచ్చెను. ఇవి కొత్త యంత్రములను ఆశింపలేదు. విండోసు ప్రక్కన మిగిలిన విభాగమున ఒదిగినవి. విజయవాడ అచ్చు ప్రపంచమున పేజ్‌మేకరు, ‘అను’ ఫాంట్లు, లెక్కల గదిలో ట్యాలీ విండోసును వీడనీయవు. అట్టి ఇంట విండోసును త్రోసిరాజనుమనిన అది తెలుగు లినక్సుకు తలుపు మూసినట్లే యగును.

రెండు వ్యవస్థల కాపురమున చిన్న చిక్కులు లేకపోలేదు. గడియారము నొకటి చూపెదను: మదర్‌బోర్డు గడియారమును విండోసు స్థానిక కాలముగా, లినక్సు గ్రీనిచ్ కాలముగా చదువును. లినక్సు దిద్దిన పిదప విండోసు లేచినచో కొండపల్లిలో ఉదయము 10 గంటలైనపుడు తెరపై 4.30 కనబడును, సరిగా అయిదున్నర గంటల వెనుకబాటు. స్థానిక కాలమునే వాడుమని లినక్సుకు ఒక్క ఆదేశ మిచ్చిన ఇది తీరును. విభాగముల హద్దులు జరుపు వేళ కరెంటు పోయిన మాత్రము డిస్కులోనిదంతయు అపాయమున పడును.

2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ సమాఖ్య పాత బయాసు స్థానమున కొత్త కట్టుబాటును స్థిరపరచినది. తొలి సెక్టారుకై పెనుగులాడుట తప్పి, ప్రతి వ్యవస్థకును ఒక ఉమ్మడి విభాగమున ప్రత్యేకమైన ఫోల్డరు లభించినది. నాలుగు వరుసల పట్టిక పోయి సామాన్యముగా 128 విభాగములకు తావిచ్చు జీపీటీ వచ్చినది. అయితే 2012లో విండోస్ 8తో వ్యాప్తిలోనికి వచ్చిన సెక్యూర్ బూట్ సంతకము లేని లోడరును త్రోసిపుచ్చును. దొంగ ప్రోగ్రాములను వారించుట మంచిదే. కాని యంత్రములలో ముందే పొందుపరచిన తాళపుచెవి మైక్రోసాఫ్టుది గనుక, లినక్సు పంపిణీలు షిమ్ అను చిన్న ప్రోగ్రామునకు ఆ సంస్థ సంతకము పొంది దాని వెనుక గ్రబ్‌ను నడుపుకొనవలసి వచ్చుచున్నది. యజమాని సెక్యూర్ బూట్‌ను ఆపుకొను వీలు పెక్కు పీసీలలో ఉన్నది. ఆ వీలు ఉండితీరవలెనని నా దృఢమైన అభిప్రాయము.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సామాన్య మద్దతు ముగిసినది. టీపీఎం 2.0 అను భద్రతా ఏర్పాటు లేని పాత యంత్రములను విండోస్ 11 అధికారికముగా స్వీకరింపదు. అట్టి యంత్రము గల డీటీపీ పనివారు పేజ్‌మేకరు కొరకు పాత విండోసును అంతర్జాలమునకు తగిలింపక ఒక విభాగమున నిలుపుకొని, ఉత్తరప్రత్యుత్తరములకును యూనికోడు తెలుగు వ్రాతకును రెండవ విభాగమున లినక్సును వాడుకొనవచ్చును.