భుజం మీది నంబరు: జర్మనీ పట్టీల నుంచి మన గోదావరి ఒడ్డు దాకా

పాత సైనిక వస్తువులు పోగుచేసే వాళ్ళలో జర్మనీ భుజం పట్టీల మోజు ఉన్నవాళ్ళు చాలామందే. మామూలు కంటికి అది అరచేతి పొడవు గుడ్డముక్క. చదవడం తెలిస్తే మాత్రం ఒక మనిషి ఏ రెజిమెంటువాడో, ఏ పని చేసేవాడో, ఏ హోదావాడో చెప్పేస్తుంది. ఆ చదివే పద్ధతి మన ఇళ్ళల్లో పెట్టెల అడుగున పడి ఉన్న ఇత్తడి బిళ్ళలకి కూడా పనికొస్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ సిపాయి భుజం పట్టీ మీద రెజిమెంటు నంబరు కుట్టి ఉండేది. కొన్నిటికి నంబరు బదులు రాజుగారి పేరులోని పొడి అక్షరాలు. పట్టీని బిగించే గుండీ మీద కంపెనీ నంబరు. అంటే ఒక్క పట్టీ, ఒక్క గుండీ దొరికితే మనిషి ఏ వంద మంది మధ్య నిలబడ్డాడో తెలిసినట్టే. రెండో యుద్ధం నాటికి అంచు రంగు ముఖ్యమైంది. తెలుపు పదాతి దళం, ఎరుపు ఫిరంగులు, గులాబీ ట్యాంకులు, నలుపు వంతెనలూ మందుపాతరల పని చేసే పయనీర్లు. యుద్ధం మొదలయ్యాక శత్రువుకి తెలియకూడదని నంబర్లు తీసేయమన్నారు. కాబట్టి నంబరు లేని పట్టీ కూడా కాలం సంగతి చెబుతుంది.

జర్మనులకీ మన దక్షిణాదికీ సంబంధం ఏంటంటారా? ఉంది. హానోవర్ వాళ్ళ 73వ రెజిమెంటు సిపాయిల చేతి అంచు మీద "జిబ్రాల్టర్" అని రాసి ఉండేది. వాళ్ళ పూర్వపు పటాలాలు 1779–83లో ఇంగ్లీషు రాజు తరఫున జిబ్రాల్టర్ కోటని కాపాడినందుకు ఆ గౌరవం. ఆ రాజే హానోవర్‌కి కూడా ఏలిక కదా. అదే కాలంలో అదే హానోవర్ నుంచి 15, 16 నంబర్ల రెజిమెంట్లు మద్రాసుకి వచ్చాయి, 1783లో కడలూరు దగ్గర ఫ్రెంచివాళ్ళతో పోరాడాయి. 

నూట ముప్ఫై ఏళ్ళు గడిచాక మనవాళ్ళే అటు వెళ్ళారు. నిజాం వారి హైదరాబాద్ లాన్సర్లు 1914లో సూయజ్ కాలువకి చేరారు. మైసూరు, జోధ్‌పూర్ రౌతులతో కలిసి ఒకే బ్రిగేడు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టుబడినప్పుడు తుర్కీ సైనికులతో పాటు జర్మనులు కూడా ఖైదీలయ్యారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ రౌతుకి గుర్తు. రోజూ వేలమంది దాని చుట్టూ తిరుగుతారు గానీ ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

రెండో యుద్ధంలో కథ తిరగబడింది. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ భారతీయ సిపాయిల నుంచి సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఒక దళం తయారు చేశారు. జర్మనీ లెక్కల్లో దాని నంబరు 950. సుమారు 3,000 మంది. చేతి మీద మూడు రంగుల డాలు, దాని మీద దూకే పులి, పైన "స్వతంత్ర భారతం" అని జర్మనులో. హైదరాబాదులో పుట్టి జర్మనీలో చదువుకుంటున్న ఆబిద్ హసన్ బోసుకి కార్యదర్శిగా కుదిరి, ఖైదీల శిబిరాల్లో ఈ సిపాయిలతో మాట్లాడి చేర్పించాడు. మతాల వారీగా విడివిడి కంపెనీలు వద్దనుకున్నారు. మరి ఒకరినొకరు పలకరించుకోవడానికి ఏం మాట? అలా వచ్చిందే "జైహింద్". ఆ మాట ఆబిద్ హసన్‌దే. 1943లో బోసుతో జలాంతర్గామిలో ప్రయాణం చేసిందీ ఆయనే.

అయితే ఆ డాలుకి పైన భుజం మీద ఉన్నది జర్మనీ పట్టీ. వాళ్ళు చేసిన ప్రమాణంలో హిట్లర్ పేరు కూడా ఉంది. 1944లో ఆ దళాన్ని ఎస్ఎస్‌కి అప్పగించారు. ఇంటి గడప మీద స్వస్తిక్ వేసుకునే మనకి, ఆ గుర్తును బహిరంగంగా చూపితే జర్మనీలో ఎందుకు నేరమో తెలుసుకోవాల్సిన బాధ్యత ఉంది. పట్టీ పోగుచేసేవాడు దాన్ని మోసినవాడి పూర్తి కథ కూడా మోయాలి. ఇష్టమైన సగం ఉంచుకుని మిగతా సగం దాచేస్తే అది చరిత్ర కాదు, అలంకారం.

ఇక మన సంగతి. హైదరాబాద్ కంటింజెంటు 1813లో రెసిడెంటు హెన్రీ రసెల్ పేరున మొదలైన బలగం. జీతాలు నిజాం ఇవ్వాలి, హుకుం ఇంగ్లీషువాళ్ళది. ఆ జీతాల బాకీ కిందే 1853లో బీరార్ చేజారింది. 1903లో ఆ పటాలాలు బ్రిటిషు సైన్యంలో కలిసిపోయాయి, 1922లో "19వ హైదరాబాద్ రెజిమెంటు" అయ్యాయి. అప్పటికే అందులో ఉన్నవాళ్ళు ఎక్కువగా కుమావ్ కొండలవాళ్ళు, జాట్లు, అహీర్లు. 1945లో పేరు కూడా కుమావ్ రెజిమెంటు అయింది. మొట్టమొదటి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ 1942లో చేరింది హైదరాబాద్ రెజిమెంటులో, 1947లో బడ్‌గాంలో ప్రాణాలు ఇచ్చింది 4 కుమావ్‌లో. పట్టీ మారింది, రెజిమెంటు అదే. కాబట్టి "హైదరాబాద్" అని ఉన్న బిళ్ళ దొరికితే తాతగారు హైదరాబాదువారని తేల్చేయకండి. అలాగే బిళ్ళ మీద కుమావ్ అని ఉంటే మనది కాదని పారేయకండి.

మద్రాసు పటాలాలదీ ఇలాంటి గతే. క్లైవు 1756–57లో బెంగాలుకి తీసుకెళ్ళిన సిపాయిల్లో తెలుగు దేశం వాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, ఉత్తరాదిన సిపాయికే "తిలంగా" అనే పేరు పడిపోయింది. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ అవధ్ సిపాయిల్ని కూడా జనం తిలంగాలనే పిలిచారు. అంతటి వాళ్ళని తర్వాత "యుద్ధ జాతులు" కారని పక్కన పెట్టారు. 1928 నాటికి మద్రాసు రెగ్యులర్ పదాతి పటాలాలు పోయాయి, 1933లో పయనీర్లూ పోయారు. మిగిలింది మద్రాసు శాపర్లు. 1941లో మళ్ళీ అవసరం వచ్చింది, మద్రాసు రెజిమెంటు మళ్ళీ లేచింది. అందుకే ఒక బిళ్ళ చూడగానే మొదట అడగాల్సింది "ఏ ఏడాది?" అని.

మన సిరొంచ వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చాక సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకి ముఖ్యపట్టణం. 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసు వైపు పోయి, సిరొంచ చాందా జిల్లాలో కలిసింది. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి. మనుషులు కదలలేదు, మాట తెలుగే, కాగితం మీద చిరునామా మారుతూ వచ్చింది. మొదటి యుద్ధంలో సిరొంచ నుంచి వెళ్ళినవాడి ఊరు "సెంట్రల్ ప్రావిన్సెస్, చాందా జిల్లా" కింద వెతకాలి. నదికి ఆవల చెన్నూరులో ఉన్న మేనమామది నిజాం రాజ్యం, ఆయన్ని వేరే దఫ్తరులో వెతకాలి. ఒకే కుటుంబం, రెండు దఫ్తర్లు.

ఇంట్లో ఏదైనా దొరికితే చేయాల్సినవి ఇవి. చింతపండు, బూడిద పెట్టి తోమొద్దు. తోమితే అక్షరాల అంచులు అరిగిపోతాయి, బిళ్ళ వయసు చెప్పే మరక కూడా పోతుంది. ముందూ వెనకా ఫొటో తీయండి. వెనక కొక్కాలు, సూది ఎలా ఉన్నాయో చూడండి. అచ్చు గుద్దిన దానికి అక్షరాలు పదునుగా ఉంటాయి. పోత పోసిన నకలు మొద్దుగా, చిన్న చిన్న గుంటలతో ఉంటుంది. బిళ్ళ మీద మనిషి పేరు ఉండదు. కానీ మొదటి యుద్ధపు పతకం ఉంటే దాని అంచు తిప్పి చూడండి, నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. డిశ్చార్జి బుక్కు ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. యుద్ధంలో చనిపోయినవాళ్ళ పేర్లు కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో దొరుకుతాయి, చాలావాటికి ఊరు, జిల్లా కూడా రాసి ఉంటుంది.

పాత ఇత్తడి కొనేవాడికి ఇలాంటి బిళ్ళ కొన్ని గ్రాముల బరువు మాత్రమే. తూకంలో వేశాక, కొలిమిలో కరిగాక ఆ నంబరు మళ్ళీ రాదు. మన బంధువుల్లో ఎవరింట్లోనైనా ఇలాంటిది ఉంటే, అమ్మకముందు ఒక ఫొటో తీసి, అది ఎవరిదని పెద్దలు చెప్తారో వెనకాల ఆ మాట రాసి పెట్టండి. బిళ్ళ మీద పేరు లేదు కాబట్టి ఆ పేరు చెప్పగలిగేది వాళ్ళే, వాళ్ళున్నన్నాళ్ళే.