ఫామ్ పోయిన రోజుల్లో వెనక నిలిచిందెవరు

2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌కు భారత జట్టు బయల్దేరే ముందు, మన సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లా ఆడపిల్ల ఒకామె మీద క్రీడా పేజీలు విరుచుకుపడ్డాయి. వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి పనైపోయిందన్నారు. బరువు పెరిగిందన్నారు. వేపుళ్లు తింటుంది, బీరు తాగుతుంది, ప్రభుత్వ ఖర్చుతో విహారయాత్రకు పోతోందని రాశారు. అప్పటికే ఆమె రెండుసార్లు ప్రపంచ విజేత. ఆ సంగతి కూడా రాశారు గానీ, "ఒకప్పుడు" అనే మాట తగిలించి రాశారు.

పేరున్న ఆటగాడు పెద్ద పోటీల్లో తడబడినప్పుడు అతణ్ని వెనకేసుకొచ్చేవాళ్లు మన దగ్గర ఎప్పుడూ తక్కువే. మా జిల్లా ఉద్దానం ఊళ్లలో సంక్రాంతి కబడ్డీ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కొబ్బరితోటల మధ్య ఇసుక నేలలో బరి గీస్తారు. పేరున్న రైడర్ వరసగా మూడు కూతలకు ఖాళీ చేతులతో తిరిగొచ్చాడంటే చాలు, "ఆడ్ని కూకోబెట్టండ్రా" అని గట్టు మీంచి కేకలు మొదలవుతాయి. ఆ గుంపులోనే ఒకప్పుడు ఆడిన పెద్దమనిషి ఒకడుంటాడు. ఇతను కూతకొస్తే అవతలివాళ్లు వెనకగీతకు అతుక్కుపోతున్నారు, పట్టుకు రావడం లేదు, రెండో కుర్రాడు వచ్చేసరికి తెగించి ముందుకొచ్చి దొరికిపోతున్నారు, ఆ పాయింట్లు ఎవరి చలవో చూడండ్రా అంటాడు. ఆ పెద్దమనిషి ఆటగాణ్ని పొగడడం లేదు. సగం చెప్పిన లెక్కను పూర్తిగా చెబుతున్నాడు, అంతే. వెనకేసుకురావడం అంటే నా దృష్టిలో అదే. తెలుగువాళ్ల ఆటల చరిత్రలో ఆ పని ఎవరు, ఎప్పుడు, ఎంతమేరకు చేశారో చూడాలని ఈ వ్యాసం.

మొదట్లో ఆ పని చేసేవాళ్లే లేరు. కొఠారి కనకయ్య నాయుడు, అంటే సి.కె. నాయుడు, మచిలీపట్నం మూలాలున్న కుటుంబంలో నాగపూర్‌లో పుట్టారు. 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 కొట్టి దేశానికి తొలి క్రికెట్ తార అయ్యారు. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన తొలి టెస్టుకు ఆయనే కెప్టెన్. నాలుగేళ్లు తిరిగేసరికి 1936 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్సీ మన పక్కనే ఉన్న విజయనగరం రాజకుమారుడు విజ్జీకి దక్కింది. విజ్జీ తన టెస్టు జీవితం మొత్తంలో చేసిన పరుగులు 33. ఆ పర్యటనలో జట్టు వర్గాలుగా చీలిపోయింది. లాలా అమర్‌నాథ్‌ను తొలి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. నాయుడుకు కూడా పరుగులు రాలేదు. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు, వయసైపోయిందనడానికి అంతకన్నా సాకు అక్కర్లేదు. జట్టులో ఆటగాడి భవితవ్యం దర్బారు నిర్ణయించే కాలమది. పాఠకుడి గొంతుకు గానీ, విలేకరి కలానికి గానీ అక్కడ విలువ లేదు. చివరికి ఓవల్‌లో తన ఆఖరి టెస్టు ఆఖరి ఇన్నింగ్స్‌లో, గబ్బీ అలెన్ బంతి ఒంటికి బలంగా తగిలినా నిలబడి, నాయుడు 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే. ఆయన తరఫున వాదించింది ఆయన బ్యాటొక్కటే. అరవై దాటాక కూడా ఆయన రంజీ ఆడారంటే, 1936లో ఆయన్ను తీసిపారేసినవాళ్లు ఎంత తొందరపడ్డారో తెలుస్తుంది.

అజహరుద్దీన్ కాలానికి రేడియో, టీవీ వచ్చాయి, అభిప్రాయాలూ పెరిగాయి. 1984-85లో ఇంగ్లండ్ మీద తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టిన హైదరాబాదీ కుర్రాడు, 1989లో పాకిస్తాన్ వెళ్లేసరికి జట్టులో చోటుకే దిక్కు లేని స్థితికొచ్చాడు. కరాచీ టెస్టుకు ముందు రమణ్ లాంబా కాలి వేలికి దెబ్బ తగలడంతో ఆఖరి నిమిషంలో అతనికి అవకాశం దొరికింది. ఒకే ఇన్నింగ్స్‌లో అయిదు క్యాచ్‌లు పట్టి రికార్డు సమం చేశాడు. కానీ నన్ను కదిలించేది దాని పక్కన జరిగిన సంగతి. పాకిస్తాన్ మాజీ బ్యాట్స్‌మన్ జహీర్ అబ్బాస్ అతని బ్యాటింగ్ చూసి, బ్యాటు పట్టు కాస్త మార్చుకోమని చెప్పాడు. తరవాత ఫైసలాబాద్ టెస్టులో మొదటి ఇన్నింగ్స్‌లో సున్నా చేసిన అజహర్ రెండో ఇన్నింగ్స్‌లో 109 చేశాడు. అజహర్ గొప్పవాడో కాదో అని స్వదేశంలో జనం వాదించుకుంటుంటే, అతని చేయి బ్యాటు మీద ఎక్కడుందో చూసినవాడు ఎదుటి దేశం మనిషి. పనిముట్టు తెలిసినవాడి అండకు, అభిమానం ఒక్కటే ఉన్నవాడి అండకు ఎంత తేడా ఉందో ఇంతకన్నా బాగా చెప్పే ఘట్టం నాకు తెలియదు.

ఇక మల్లీశ్వరి దగ్గరికి వద్దాం. పలాసలో పాసింజరెక్కితే పూండి, నౌపడ, కోటబొమ్మాళి, తిలారు దాటాక శ్రీకాకుళం రోడ్ స్టేషన్ వస్తుంది. ఆ ఊరే ఆమదాలవలస. దాన్ని ఆనుకునే ఊసవానిపేట. మల్లీశ్వరి తండ్రి మనోహర్ రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. తల్లి శ్యామల. అక్కచెల్లెళ్లంతా బరువులు ఎత్తినవాళ్లే. కండబలాన్ని గౌరవించే నేల ఇది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు కదిలే కార్లను గొలుసులతో ఆపి 'కలియుగ భీముడు' అనిపించుకున్న గడ్డ. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. అయితే ఆ గౌరవమంతా మగవాళ్ల కండలకే. పన్నెండేళ్ల మల్లీశ్వరి వ్యాయామశాలకు వెళితే కోచ్ నీలంశెట్టి అప్పన్న ముందు ఒప్పుకోలేదు. మరీ బక్కగా ఉన్నావు, ఇంటిపని చూసుకో అన్నారు. తల్లి పట్టుబట్టింది. ఆ తరవాత అదే అప్పన్న ఆమెను తీర్చిదిద్దారు. 1990లో సోదరి కృష్ణకుమారి వెంట జాతీయ శిబిరానికి వెళ్లినప్పుడు ఒలింపిక్ విజేత లియొనిద్ తరనెంకో కంట పడింది. 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో గ్వాంగ్‌జౌలో ప్రపంచ పోటీల స్వర్ణాలు వచ్చాయి. రెండూ 54 కిలోల విభాగంలోనే. 1994లో అర్జున, తరవాత ఖేల్‌రత్న, 1999లో పద్మశ్రీ.

1996 వార్సాలో కాంస్యం తరవాత ప్రపంచ పోటీల్లో ఆమెకు పతకం రాలేదు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రజతం మటుకు వచ్చింది. విమర్శకులు పట్టుకున్నది ఈ ఖాళీనే. మణిపూర్‌కు చెందిన లిఫ్టర్ కుంజరాణి దేవిని కాదని మల్లీశ్వరిని సిడ్నీకి పంపడం మీద గొడవ రేగింది. కుంజరాణి సామాన్యురాలు కాదు, ఆమె తరఫున అడగడంలో తప్పూ లేదు. తప్పల్లా అడిగిన పద్ధతిలో ఉంది. ఇస్తాంబుల్‌లో మల్లీశ్వరి ఎత్తింది 54 కిలోల విభాగంలో. బ్యాంకాక్‌లో 63లో. సిడ్నీకి వెళ్లింది 69లో. అంటే అయిదారేళ్లలో విభాగం విభాగం దాటుకుంటూ పైకి వెళ్లింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో పై విభాగానికి పోవాలంటే ఒళ్లు పెంచాలి. తిండి పెంచాలి. పెరిగిన ఒంటికి తగ్గట్టు కాళ్లలో, నడుములో బలం కూడగట్టడానికి సమయం పడుతుంది. ఆ కాలంలో పతకాలు తగ్గితే ఆశ్చర్యమేముంది? పత్రికలు "లావయింది" అని ఎగతాళి చేసింది ఆమె వృత్తిలో భాగమైన పనినే. ఈ ముక్క రాయడానికి గూఢచర్యం అక్కర్లేదు, బరువు విభాగాల పట్టిక చూస్తే చాలు. పన్నెండేళ్లప్పుడు సన్నగా ఉందని వద్దన్నారు, పాతికేళ్లకు లావుగా ఉందని వద్దన్నారు. ఆడపిల్ల ఒంటిని తూచినంత శ్రద్ధగా ఆమె ఎత్తిన బరువును ఎవరూ తూచలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. పూత మాడిన ఏడాది జీడిచెట్టును నరికేసే రైతు మా పలాస చుట్టుపక్కల కనపడడు. ఆటగాళ్ల విషయంలో ఆపాటి ఓపిక చూపడం కష్టమా?

సెప్టెంబరు 19న సిడ్నీలో జరిగింది మనకందరికీ తెలుసు గానీ, అంకెలతో మళ్లీ చూడటం మంచిది. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడమే అది మొదటిసారి. మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు ఎత్తింది. క్లీన్ అండ్ జెర్క్‌లో 130. మొత్తం 240. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగేరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరూ 242.5 దగ్గర ఆగారు, ఒంటి బరువు తక్కువున్న లిన్‌కు స్వర్ణం దక్కింది. మల్లీశ్వరికి ఒక్క ప్రయత్నం మిగిలింది. కాంస్యం చాలనుకుని ఊరుకోవచ్చు. బార్ మీద 137.5 పెట్టించింది. అది ఎత్తితే మొత్తం 247.5, స్వర్ణం ఆమెదే. ఎత్తలేకపోయింది. విహారయాత్రకు వచ్చిందన్న మనిషి చేసే పనేనా అది? ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ ఒలింపిక్స్‌లో దేశానికి దక్కిన పతకం కూడా అదొక్కటే.

ఆ సాయంత్రం నుంచి అందరూ ఆమె పక్షమే. గెలిచాక పక్షం చేరడానికి ఖర్చేమీ లేదు. 2004 ఏథెన్స్‌లో వెన్నునొప్పితో పోటీ పూర్తిచేయలేక ఆమె వెనుదిరిగినప్పుడు మళ్లీ పాత గొంతులు కొన్ని లేచాయి. ఆమె ఆటకు సెలవు చెప్పింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయింది.

వెనకేసుకురావడానికి ఒక హద్దు కూడా ఉంది. వి.వి.ఎస్. లక్ష్మణ్ కథ అది చెబుతుంది. 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద 281 కొట్టిన మనిషికి 2003 ప్రపంచకప్ జట్టులో చోటివ్వలేదు. అప్పుడు ఆయన తరఫున మాట్లాడినవాళ్లది న్యాయం. 2011-12 ఆస్ట్రేలియా పర్యటన నాటికి సంగతి వేరు. నాలుగు టెస్టుల్లో, ఎనిమిది ఇన్నింగ్స్‌లో 155 పరుగులు, సగటు 19.37. అభిమానులు అప్పుడూ 281నే చూపించారు. పదేళ్ల కిందటి ఇన్నింగ్స్ ఆ లెక్కకు బదులు కాదు. లక్ష్మణే ఆ మాట గ్రహించాడు. 2012 ఆగస్టులో న్యూజిలాండ్ టెస్టులకు, అందులోనూ సొంతూరు హైదరాబాద్‌లో ఆడే టెస్టుకు ఎంపికయ్యాక రిటైర్మెంట్ ప్రకటించాడు. ఆయన మీద నా గౌరవం 281కి ఎంతో, ఆ నిర్ణయానికీ అంత.

బ్యాడ్మింటన్‌లో సింధు విషయం ఇంకో రకం. ఆమె ఫామ్ పోలేదు, ఫైనల్స్ మాత్రం పోయాయి. 2016 రియో ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో ఓటమి. 2017 గ్లాస్గో ప్రపంచ ఫైనల్లో ఒకుహారా చేతిలో 19-21, 22-20, 20-22, ఆట సాగింది 110 నిమిషాలు. 2018లో కామన్వెల్త్ క్రీడలు, ప్రపంచ పోటీలు, ఆసియా క్రీడలు మూడింట్లో ఫైనల్ దాకా వెళ్లి మూడూ ఓడింది. ఫైనల్ అంటే భయమని, మనోబలం లేదని తీర్పులు వచ్చాయి. ఈ తీర్పులో ఒక చిక్కుంది. ఫైనల్లో ఓడాలంటే ముందు ఫైనల్‌కు చేరాలి. క్వార్టర్స్‌లోనే ఇంటికి పోయినవాళ్లకు ఆ నింద ఎప్పటికీ రాదు. 2018 డిసెంబరులో వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచింది. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7 తేడాతో 38 నిమిషాల్లో ముగించి ప్రపంచ విజేత అయింది. మునుపటి ఓటములకు మనోబలం లేమి కారణమైతే, అంతటి మనోబలం ఏడాదిలో ఎక్కణ్నుంచి వచ్చింది? ఎదుటి మనిషి ఎంత గట్టిదో, ఎన్ని పాయింట్ల తేడాతో పోయిందో చూసుంటే 2017 ఫైనల్ రోజే ఆమె స్థాయి తెలిసేది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. కెనడాలో మనవాళ్లు ఎందరో స్థిరపడిన టొరంటో నగరం ఐస్ హాకీ జట్టు మేపుల్ లీఫ్స్‌ది అదే గోల. 1967 తరవాత స్టాన్లీ కప్ లేదు. 2023-24 సీజన్‌లో ఆస్టన్ మాథ్యూస్ 69 గోల్స్ కొట్టాడు. ప్లేఆఫ్స్‌లో గోల్స్ ఆగిపోయాయి, తొలి రౌండ్‌లోనే బోస్టన్ చేతిలో ఏడో ఆటలో జట్టు ఓడింది. తిట్లన్నీ తారల మీద పడ్డాయి. ఆ సిరీస్‌లో రెండు ఆటలకు మాథ్యూస్ అనారోగ్యంతో దూరమయ్యాడన్న ముక్క తిట్లలో కనపడలేదు. ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థి వరసగా ఏడు ఆటల దాకా ఎదురవుతాడు. గోల్స్ కొట్టేవాణ్ని ఎలా కట్టేయాలో రోజురోజుకూ నేర్చుకుంటాడు. మా ఇసుక బరిలో వెనకగీతకు అతుక్కుపోయే పట్టువాళ్ల తెలివే అది.

మన ఉత్తరాంధ్రలో ఇప్పుడు ఈ పరీక్ష జ్యోతి యర్రాజీది. విశాఖ పిల్ల. 100 మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు 12.78 సెకన్లు ఆమెదే. 2024 పారిస్‌లో హీట్‌లో 13.16 పరుగెత్తి సెమీస్ చేరలేకపోయింది. పెద్ద వేదిక మీద తేలిపోయిందన్నారు. 2025 మేలో గుమీలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో 12.96తో స్వర్ణం నిలబెట్టుకుంది. ఆ వెంటనే సాధనలో మోకాలి లిగమెంట్ తెగి శస్త్రచికిత్స దాకా వెళ్లింది. హర్డిల్ దాటి ముందుకాలు నేల మీద దిగేటప్పుడు ఒంటి బరువంతా మోకాలి మీదే పడుతుంది. ఆ కాలి మీద నమ్మకం తిరిగిరావడానికి నెలలు పడుతుంది. తిరిగొచ్చాక తొలి పరుగుల్లో ఆమె 13.30 చేసినా, 13.50 చేసినా, ఆ వార్త రాసే విలేకరులు 12.78 పక్కన ఆపరేషన్ ఎప్పుడు జరిగిందో కూడా వేయాలి.