ఉమేదువారి దరఖాస్తు

ఉద్యోగము కోరి వచ్చిన మనుష్యుని మన తాతలు 'ఉమేదువారు' అనిరి. ఉమేదు అనగా పారసీక భాషలో ఆశ. అతడు వ్రాసి యిచ్చెడి కాగితము దరఖాస్తు; అదియు పారసీకమే. సిఫారసును పారసీకమే; అర్జీ, నకలు అను మాటలు అరబ్బీలో పుట్టి, పారసీకపు కచేరీల మీదుగా మన యిండ్లలోనికి వచ్చినవి. తెలుగువాడు పొట్టకూటి కొఱకు పలికిన పలుకులలో నెన్నియో ఈ విధముగా దర్బారు నుండి దిగివచ్చినవే. నేడు ఆ కాగితమునకు బయోడేటా యనియు, సీవీ యనియు, రెజ్యూమే యనియు పేర్లు మారినవి. కాని ఏ కాలమున ఆ కాగితము మనుష్యుని ఏమని ప్రశ్నించెనో విచారించినచో, ఆ కాలపు ప్రభుత్వము మనుష్యునిలో దేనికి విలువ గట్టెనో తేటపడును. ఈ విచారమునకు సికిందరాబాదులోని మారేడ్‌పల్లి వంటి పేట మిక్కిలి తగినది.

సికిందరాబాదు 1806లో మూడవ నిజాము సికిందర్ జా పేర వెలసినది. ఇంగ్లీషువారి దండు విడిసిన చోటు. హుస్సేను సాగరమునకు ఒక దరిని నిజాము రాజధాని, వేరొక దరిని ఇంగ్లీషు పాలనలోని కంటోన్మెంటు. రాజధాని కచేరీలలో మొదట పారసీకము, 1880ల నడుమ నుండి ఉర్దూ అధికార భాషలు. కంటోన్మెంటు కార్యాలయములలో ఇంగ్లీషు. 1874లో సికిందరాబాదునకు రైలు వచ్చెను. రైలు కొలువులకును ఇంగ్లీషే కావలసివచ్చెను. ఈ ప్రాంతపు తెలుగు గృహస్థు ఇంటిలో తెలుగు మాటలాడి, ఇటు దరఖాస్తు ఇంగ్లీషులో, అటు దరఖాస్తు ఉర్దూలో వ్రాయించుకొనవలసినవాడే. తన భాషలో తన్ను గూర్చి చెప్పుకొను అవకాశము అతనికి ఏ దరినీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగునకు అధికార భాషా చట్టము వచ్చినది 1966లో గదా!

భాష తెలియుటయే ఉద్యోగము దొరకుటగా నుండిన కాలమునకు చక్కని నిదర్శనము వెన్నెలకంటి సుబ్బారావుగారు. ఒంగోలు ప్రాంతమున 1784లో జన్మించిన ఈయన పలు భాషలు నేర్చి, కుంపిణీ కచేరీలలో మెట్టుమెట్టుగా పైకి వచ్చి, 1815 నుండి 1829 వఱకు మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడుగను దుబాసీగను పనిచేసిరి. తన జీవితమును తానే ఇంగ్లీషులో వ్రాసికొనిరి. అది ఆయన గతించిన పిదప 1873లో అచ్చుపడినది. నేర్చిన విద్యలు, చేసిన కొలువులు, కొలిచిన దొరలు అందు వరుసగా కనబడుదురు. తెలుగువాడు తన ఉద్యోగ జీవితమును తానే వివరించుకొనిన తొలి గ్రంథములలో దానికి స్థానము గలదు.

ఆ దినములలో యోగ్యత యొక్కటియే చాలెడిది కాదు. దేశీయులకే గాదు, దొరలకు సైతము ఇదే న్యాయము. కుంపిణీ పెద్ద కొలువులు 1853 వఱకు లండనులోని డైరెక్టర్ల సిఫారసుపై లభించెడివి. ఆ యేటి చార్టరు చట్టము ఆ పద్ధతిని తొలగించినది. 1855లో మొదటి పోటీ పరీక్ష జరిగినది. 'ఎవరి వాడవు?' అను ప్రశ్నకు బదులు 'ఏమి నేర్చితివి?' అను ప్రశ్న అప్పుడు ముందునకు వచ్చినది. అయినను పరీక్ష జరుగునది లండనులో. మనవారిలో సముద్రము దాటగలిగినవారు ఎందఱు?

హైదరాబాదు రాజ్యమున మూడవ ప్రశ్న యొకటి పుట్టినది: 'నీవు ఎక్కడి వాడవు?' మొదటి సాలార్ జంగు 1853 నుండి 1883 వఱకు దివానుగా నుండి పాలనను సంస్కరించుటకు ఉత్తర హిందూస్థానము నుండి చదువరులను రప్పించెను. పరిపాలన బాగుపడినది, కాని స్థానికులకు కొలువులు దూరమైనవను చింత బయలుదేరినది. దాని ఫలితమే ముల్కీ నిబంధనలు. ముల్కు అనగా దేశము. 1919 నాటి నిజాము ఫర్మానా ప్రకారము రాజ్యపు కొలువులు ముల్కీలకే దక్కవలెను. పుట్టుకచే ముల్కీ కానివాడు రాజ్యమున పదునైదేండ్లు స్థిరనివాసముండి, వెనుకటి ఊరికి మరలిపోవు తలంపు లేదని మేజిస్ట్రేటు యెదుట ప్రమాణపత్రము వ్రాసి యిచ్చినచో ముల్కీ యగును. చదువు పత్రముతో సమానముగా నివాస పత్రము దరఖాస్తునకు జతపడినది.

ఆ యొక్క కాగితముపై ఎన్ని కుటుంబముల అన్నము ఆధారపడెనో తరువాతి చరిత్ర చెప్పును. 1948 పిమ్మట వెలుపలి నుండి వచ్చినవారు తప్పుడు ముల్కీ పత్రములతో కొలువులు పొందుచున్నారను ఆరోపణపై 1952లో విద్యార్థులు ఉద్యమించిరి. సెప్టెంబరులో హైదరాబాదు నగరమున పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందములో స్థానికులకు కొలువుల మాట చేరినది. 1957లో పార్లమెంటు చేసిన చట్టము ఉద్యోగములకు నివాస నియమములను దేశమంతట తొలగించుచునే, తెలంగాణమునకు కొంతకాలము మినహాయింపు నిచ్చినది. ఆ రక్షణలు సరిగా అమలు కాలేదను అసంతృప్తి పాల్వంచలోని విద్యుత్ కేంద్రపు కొలువులతో రగుల్కొని, 1969 ఉద్యమముగా పెరిగినది. ఆ యేడు మార్చిలోనే సుప్రీము కోర్టు, రాష్ట్రమంతటికి నివాస నియమము పెట్టవచ్చునే గాని రాష్ట్రములో ఒక భాగమునకు పెట్టరాదని ఆ మినహాయింపును కొట్టివేసెను. మఱల 1972 అక్టోబరు 3న అదే న్యాయస్థానము పాత ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పెను. ఈ పర్యాయము కోస్తా రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమము లేచినది. ఒకే ప్రశ్న, ఒకప్పుడు ఇచట కన్నీరు, ఒకప్పుడు అచట కన్నీరు. ఇరువైపుల దుఃఖమును గుర్తింపక ఈ కథ చెప్పుట న్యాయము కాదు.

1973లో ఆరు సూత్రముల ఒప్పందము కుదిరి, రాజ్యాంగమున 371-డి అధికరణము చేరినది. 1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కొలత మార్చినది. ఎన్నేండ్లు నివసించితివని గాక, ఎచట చదివితివని అడిగినది: అర్హత పరీక్షకు వరుసగా నాలుగు విద్యా సంవత్సరములు చదివిన చోటే అభ్యర్థి స్థానికత. బడికి పోని వానికి నివాసము ఆధారము. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన తరువాత, 2018 నాటి ఉత్తర్వు ఆ లెక్కను ఒకటవ తరగతి నుండి ఏడవ తరగతి వఱకు చదివిన చోటునకు మార్చినది. మారేడ్‌పల్లి నేడు హైదరాబాదు జిల్లాలో ఒక మండలము. నివాస ధ్రువపత్రము కొఱకు ఇచటి తహసీలుదారునకు అర్జీ పెట్టుకొను యువకుని వెనుక ఈ నూఱేండ్ల కథ నిలిచియున్నది.

ఇక దరఖాస్తు నడచిన త్రోవను చూతము. రెండవ ప్రపంచ యుద్ధము ముగియుచుండగా, విడుదలయైన సైనికులకు పని చూపుటకై 1945లో ఉపాధి కల్పన కార్యాలయములు వెలసినవి. 1948 నుండి అవి ఎల్లరకును తెరువబడినవి. 1959 చట్టము ఖాళీలను ఆ కార్యాలయములకు తెలుపవలెనని నిర్బంధించినది. పేరు నమోదై పిలుపు రానిచో దరఖాస్తు పెట్టు త్రోవయే ఉండెడిది కాదు. కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ కొలువుల వివాదములో 1996లో సుప్రీము కోర్టు ఈ తలుపును వెడల్పు చేసినది: కార్యాలయము పంపిన పేర్లతో పాటు, పత్రికలలో ప్రకటించి, దరఖాస్తు పెట్టిన ఇతరులను గూడ పరిశీలింపవలెనని తీర్పు చెప్పినది. నకళ్లపై గెజిటెడ్ అధికారి సంతకము కొఱకు తిరుగుట 2014 మొదలు చాలవఱకు తగ్గి, అభ్యర్థి తన సంతకమునే పెట్టుకొనుచున్నాడు. కేంద్ర ప్రభుత్వపు చిన్న కొలువులకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలు తొలగినవి. సిఫారసు చొచ్చుటకు సందు ఆ మేరకు మూసికొనినది.

ప్రైవేటు సంస్థలలో సిఫారసునకు బదులు సీవీ నిలిచినది. కరికులం వీటే అను లాటిను మాటకు జీవితము నడచిన బాట యని అర్థము. ఇట్టి లేఖలలో ప్రసిద్ధమైనది లియొనార్డో డా వించి 1482 ప్రాంతమున మిలాను ప్రభువు లుడొవికో స్ఫోర్జాకు ఉద్దేశించినది. లోకము ఆయనను చిత్రకారుడని యెఱుగును. ఆయన మాత్రము వంతెనలు, ఫిరంగులు, కోటలు పట్టు యంత్రములు మొదట వరుసగా పేర్కొని, చిత్రలేఖనమును చివరకు నెట్టెను. యుద్ధములలో మునిగిన ప్రభువునకు కావలసినదేమో ఆయనకు తెలియును.

ఈ చరిత్ర నుండి నేటి యువజనులు గ్రహింపవలసినవి కొన్ని గలవు. పాత అర్జీ దయను యాచించెడిది. సీవీ పనిని చూపవలెను. 'కష్టపడి పనిచేయుదును' అనుట కంటె, ఏ పని, ఎన్నాళ్లు, ఎంత మేరకు చేసితిమో అంకెలతో చెప్పుట మేలు. ఇటీవలి పని ముందు, పాతది వెనుక రావలెను. ఒకే కాగితమును పది సంస్థలకు పంపక, ప్రకటనలో అడిగిన అర్హతలను చూచి దేనికది దిద్దుకొనవలెను. పెద్ద సంస్థలలో నేడు మొదట చదువునది మనుష్యుడు కాదు, యంత్రము. కావున అలంకారములు మాని, శీర్షికలు సాదాగా నుంచి, పని పేర్లు వాడుకలోనున్నట్లే వ్రాయవలెను. పెద్ద అనుభవము లేనివారికి ఒకటి రెండు పుటలు చాలును. ప్రకటన అడుగనిచో తండ్రి పేరు, కులము, మతము, వివాహము మొదలగునవి అక్కఱలేదు; అవి 'ఎవరి వాడవు?' అను పాత ప్రశ్నకు మిగిలిన జవాబులు.

మన బయోడేటాల అడుగున 'పైన తెలిపినదంతయు నిజము' అని సంతకము పెట్టు ఆచారము నేటికిని గలదు. దానిని మ్రొక్కుబడి వాక్యముగా భావింపరాదు. ఒక తప్పుడు పత్రము ఒకని కొలువు నిలిపినచో, వేరొక యింట నిజమైన అర్హుని పళ్లెము ఖాళీ యగును. 1952లో వీధులకెక్కిన పిల్లల మొఱ అదియే. ఉన్నది దాచక, లేనిది చేర్చక వ్రాసిన పుట చిన్నదైనను బరువైనది. అట్టి పుటను తెలుగు ఇంటి బిడ్డ ఏ భాషలో వ్రాసినను తలయెత్తి అందీయగలుగును.