చదివేవారు లేని నివేదిక: జెట్ ప్రవాహం కథ

ఒక శాస్త్రజ్ఞుని కృషిని కొలవడానికి ఈనాడు ఒక పద్ధతి వాడుకలో ఉన్నది. ఆయన వ్రాసిన వ్యాసాలు ఎన్ని, తరువాతి వారు వాటిని తమ వ్యాసాలలో ఎన్నిసార్లు పేర్కొన్నారు అని లెక్కిస్తారు. అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో వెలువరించిన ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’తో ఈ లెక్కకు ఒక క్రమం ఏర్పడింది. సంఖ్య పెద్దదైతే కృషి గొప్పదనీ, చిన్నదైతే స్వల్పమనీ అనుకోవడం సులభం. ఈ అభిప్రాయం ఎంతవరకు నిజమో వాతావరణ శాస్త్ర చరిత్రలోని ఒక ఉదాహరణ తెలుపుతుంది.

జపాను రాజధాని టోక్యోకు ఈశాన్యంగా తతెనో అనేచోట 1920లో ఒక పరిశోధనాలయం స్థాపించారు. నేలకు ఎంతో ఎత్తున వీచే గాలులను పరిశీలించడం దాని పని. దాని అధిపతి వాసబురో ఓయిషీ. ఆయన వాడిన సాధనం చాల సామాన్యమైనది. హైడ్రోజన్ నింపిన ఒక చిన్న బెలూన్‌ను విడిచిపెడతారు. అది నిమిషానికి ఎంత ఎత్తు ఎక్కుతుందో ముందే తెలుసు గనుక, గడియారాన్ని చూచి ఎత్తును లెక్క కట్టవచ్చును. థియోడొలైట్ అనే దుర్భిణితో దానిని వెంబడిస్తూ, అది ఏ దిక్కున, ఏ కోణంలో ఉన్నదో నిమిష నిమిషానికీ గుర్తిస్తారు. రెండు గుర్తుల నడుమ బెలూన్ ఎంత పక్కకు జరిగిందో అదే ఆ ఎత్తున గాలి వేగం.

1923 మొదలు 1925 వరకు ఓయిషీ ఇటువంటి పరిశీలనలు 1,288 సాగించాడు. వాటిని క్రోడీకరించగా ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. శీతకాలంలో సుమారు 9 కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి గాలి సెకనుకు దాదాపు 70 మీటర్ల వేగంతో, అనగా గంటకు 250 కిలోమీటర్ల వేగంతో వీస్తున్నది! మన తీరాన్ని తాకే పెద్ద తుపానులతో సరితూగే ఈ గాలి, కింద ప్రశాంతంగా ఉన్న రోజున కూడ పైన వీస్తున్నది. దీనినే తరువాత జెట్ ప్రవాహం అన్నారు.

ఓయిషీ తన ఫలితాలను 1926లో ప్రచురించాడు. జపాను భాషలో వ్రాస్తే ఇతర దేశాలవారు చదవలేరని ఆయనకు తెలుసు. అందుచేత ఏ దేశానికీ చెందని, అన్ని దేశాలవారూ సులభంగా నేర్వదగినదని తాను నమ్మిన ఎస్పెరాంతో అనే కల్పిత భాషను ఎన్నుకున్నాడు. ఆశయం ఉదాత్తమైనదే. కాని ఆ భాష తెలిసిన వాతావరణ శాస్త్రజ్ఞులు బహు కొద్దిమంది. లోకానికంతటికీ అందాలని వ్రాసిన నివేదిక దాదాపు ఎవరికీ అందలేదు.

గాలి మాత్రం వీస్తూనే ఉన్నది. 1944 నవంబరులో అమెరికా బి-29 బాంబరు విమానాలు సుమారు 9 కిలోమీటర్ల ఎత్తున టోక్యోపైకి వచ్చినపుడు ఈ ప్రవాహంలో చిక్కి గురి తప్పాయి. జపాను సైన్యానికి ఈ గాలుల సంగతి తెలుసు. ఆ కాలంలోనే 9,000కు పైగా బెలూన్లకు బాంబులు కట్టి, ఈ ప్రవాహంలోనే పసిఫిక్ మహాసముద్రం మీదుగా అమెరికాకు పంపారు. 1945 మే 5న ఆరెగాన్ రాష్ట్రంలో అటువంటి బాంబు ఒకటి పేలి, ఒక గర్భిణి, ఐదుగురు పిల్లలు మరణించారు. శాంతి భాషలో వెలువడిన జ్ఞానం యుద్ధానికి ముందు అందింది. తోటి శాస్త్రజ్ఞులకు అందలేదు. యుద్ధానంతరం షికాగో విశ్వవిద్యాలయంలో రాస్బీ బృందం ఈ ప్రవాహాన్ని విపులంగా వివరించగా, లోకం దానిని కొత్త విషయంగా స్వీకరించింది.

దీనికి పక్కన మరొక ఉదాహరణ ఉంచి చూడాలి. మన తెలుగు శాస్త్రజ్ఞుడు పంచేటి కోటేశ్వరం వర్షకాలంలో దక్షిణ భారతదేశం మీద, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పునుండి పడమటికి వీచే మరొక జెట్ ప్రవాహాన్ని వివరించాడు. వేసవిలో టిబెట్ పీఠభూమి మీది గాలి బాగా వేడెక్కుతుంది. ఆ ఎత్తులలో ఉత్తరాన వెచ్చదనం, దక్షిణాన చల్లదనం ఏర్పడి, భూభ్రమణ ప్రభావం వలన తూర్పు గాలి బలపడుతుంది. ఆయన వ్యాసం 1958లో స్వీడన్ దేశపు ‘టెల్లస్’ పత్రికలో ఇంగ్లీషున వెలువడింది. ఋతుపవనాలను పరిశోధించేవారు నేటికీ దానిని పేర్కొంటూనే ఉన్నారు. ఆయన తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయినాడు.

ఇద్దరూ చూచినది సత్యమే. కాని ఒకరి మాట వెంటనే నలుగురి చెవిన పడింది, మరొకరి మాట పడలేదు. కాబట్టి, ఎన్నిసార్లు పేర్కొన్నారన్న లెక్క ఒక పరిశోధన ఎంతమందికి చేరినదో చెప్పగలదే కాని, అందులో సత్యం ఎంత ఉన్నదో చెప్పజాలదు.

తెలుగులో శాస్త్రం వ్రాసేవారు, చదివేవారు కూడ ఈ సంగతి గమనించవలసి ఉన్నది. పరిశోధన తోటి శాస్త్రజ్ఞులు చదివే భాషలో వెలువడాలి. దాని సారం ప్రజలు మాట్లాడే భాషలోకి రావాలి. మొదటిది లేకపోతే జ్ఞానం పెరగదు. రెండవది లేకపోతే, ఆ జ్ఞానం ఎవరి చేతిలో పడి దేనికి ఉపయోగపడుతున్నదో ప్రజలకు తెలియదు.