సంధానలక్షణములు – కుండలోని నిశ్శబ్దము చెప్పు న్యాయపాఠము



మూత పెట్టి మట్టిగుడ్డతో సంధిబంధనము చేసిన కుండలో ఏమి జరుగుచున్నదో కంటికి గోచరింపదు. లోపలి ద్రవ్యము పరిణమించుచున్నదా, చెడిపోవుచున్నదా, అసలు ఏ మార్పును పొందక నిద్రించుచున్నదా? మూత తీసి చూచినచో పాకము చెడునేమోనని భయము, చూడకున్న సందేహము. ఆసవారిష్టములు చేయు వైద్యునికి, యజ్ఞమునకు సురను సిద్ధపరచు అధ్వర్యునికి, నేడు పాశ్చాత్యదేశములలో ఇంటియందే మొదటిసారి బీరు కాచుకొను గృహస్థునకు ఈ ప్రశ్న ఒక్కటే. ఇది ప్రమాణవిచారమునకు సంబంధించిన ప్రశ్న కనుక మన శాస్త్రములకు దూరమైనది కాదు.

ముందుగా ఒక విషయము స్పష్టము చేయవలెను. సురాపానము మహాపాతకములలో పరిగణింపబడినది. మనుస్మృతి గౌడి, పైష్టి, మాధ్వి అని సురను మూడు విధములుగా విభజించి ద్విజోత్తములకు మూడింటిని నిషేధించినది. ఇచట విచారింపబడునది పానము కాదు, సంధానము, అనగా పులియుట అను పరిణామము; దానిని మన పూర్వులు ఏ విధముగా గుర్తించిరను చరిత్ర.

శ్రౌతమునందు, అర్థశాస్త్రమునందు

అతిసోమపానముచే రుగ్ణుడైన ఇంద్రునకు అశ్వినీదేవతలు, సరస్వతి చికిత్స చేసిరను ఆఖ్యానముతో ముడివడిన సౌత్రామణీయాగమున సురాసంధానము విహితమైయున్నది. దాని ద్రవ్యములను గమనింపుడు. మొలకెత్తిన వ్రీహులు శష్పములు, మొలకెత్తిన యవలు తోక్మములు, వేయించిన ధాన్యము లాజలు, పులియబెట్టు ఓషధిమిశ్రమము నగ్నహువు. ధాన్యమును మొలకెత్తించి, దానికి పులియబెట్టు ద్రవ్యమును కలిపి, మూడు రాత్రులు ఉంచుదురు. మొలకెత్తిన యవలతో బీరు చేయు పద్ధతికి ఇది సమీపబంధువే. సౌత్రామణియందలి సురాగ్రహణము కలివర్జ్యములలో చేర్చబడినందున, తరువాతి కాలమున దానికి బదులుగా క్షీరమును గ్రహించు ఆచారము ఏర్పడినది.

కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షప్రకరణము కొలతలను కూడ చెప్పుచున్నది. మేదకమను సురకు ఒక ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము కావలెను. ఆ కిణ్వము దేనితో చేయుదురు? మినుముల ముద్ద, బియ్యము, మోరటాది మూలికలతో. మన ఇండ్లలో ప్రతిరాత్రి ఇడ్లీపిండి పులియునది ఈ మినుములు, బియ్యముల జంటతోనే కదా! గృహస్థులు విశేషకృత్యములయందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును ఇంటియందే చేసికొనవచ్చునని కూడ కౌటిల్యుడు అనుమతించెను. నేటి తెలుగు పాఠ్యపుస్తకములలోని ‘కిణ్వనము’ అను మాట ఈ కిణ్వము నుండియే వచ్చినది.

వైద్యుల పరీక్ష

శార్ఙ్గధరసంహిత మధ్యమఖండమున ఆసవారిష్టవిధి సంగ్రహముగా చెప్పబడినది. కాచని జలముతో చేసినది ఆసవము, కషాయముతో చేసినది అరిష్టము. పరిమాణము చెప్పని చోట ద్రోణము ద్రవమునకు తులము (నూరు పలములు) బెల్లము, దానిలో సగము తేనె, పదవ వంతు ప్రక్షేపచూర్ణము గ్రాహ్యములు. కుండ లోపల నేయి పూసి, ధూపము వేసి, ధాతకీపుష్పములు చేర్చి, మూతను గుడ్డతోను మట్టితోను బంధించి, ధాన్యరాశిలో గాని భూమిలో గాని నిలుపుదురు. ధాన్యరాశి ఉష్ణతను సమముగా ఉంచును. ధాతకీపుష్పములపై సహజముగా నివసించు ఈస్ట్ కణములు పెరుగునకు తోడు వంటివి.

సంధానము జరుగుచున్నదో లేదో తెలియుటకు వైద్యపరంపరలో మూడు నాలుగు పరీక్షలు నిలిచియున్నవి. కుండకు చెవి ఆనించిన బుసబుస శబ్దము వినబడును. ఉపరిభాగమున నురుగు, బుడగలు కనబడును. పుష్పచూర్ణాదులు పైకి తేలును. వెలుగుచున్న వత్తిని కుండ నోటిలోనికి దింపిన ఆరిపోవును. లోపల నిండిన బొగ్గుపులుసు వాయువు దానికి కారణము. సంధానము ముగిసిన పిమ్మట శబ్దము అణగును, ప్రక్షేపద్రవ్యములు అడుగునకు చేరును, వత్తి ఆరక వెలుగును. ద్రవము చెడి ఆమ్లత్వము పొందినచో దానికి శుక్తమను వేరొక పేరే కలదు.

ధూమము, అగ్ని, తప్తాయఃపిండము

ఇచట నైయాయికుడు మనకు హెచ్చరిక చేయును. ధూమమున్న చోట అగ్ని ఉండును. కాని అగ్ని ఉన్న ప్రతిచోట ధూమము ఉండదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో అగ్ని ఉన్నది, పొగ లేదు. పచ్చి ఇంధనముతోడి సంయోగమే అచట ఉపాధి. అట్లే కుండ పులియుచున్నను, మూత సరిగా బిగియనిచో వాయువు ప్రక్క నుండి తప్పించుకొనిపోవును. నాళికలో బుడగ కనబడదు. మొదటిసారి బీరు కాచు గృహస్థులు కలత చెందునది ఈ చోటనే. బుడగలు రాలేదు కనుక పులియుట లేదని నిశ్చయింతురు. నిజమునకు ఈస్ట్ వేసిన తరువాత తొలి లక్షణములు కనబడుటకు ఒక దినము, ఒక్కొక్కప్పుడు రెండు మూడు దినములు పట్టుట సహజము. నురుగు పైకెక్కి కొన్ని దినములలో అణగిపోవుటయు సహజమే. మఱియొక వైపు, ద్రవము వేడెక్కినను కరగియున్న వాయువు బుడగలై వెలువడును. కనుక బుడగ కూడ వ్యభిచారి హేతువే.

18వ శతాబ్ది చివర ఇంగ్లండున బీరు చేయువారు సాంద్రతను కొలచు హైడ్రోమీటరును ఆశ్రయించిరి. చక్కెర మద్యసారముగా మారుకొలది ద్రవము తేలికపడును. 1.050 వద్ద ఆరంభమైనది 1.010 సమీపమునకు దిగి, రెండు మూడు దినములు అచటనే నిలిచినచో సంధానము పూర్తియైనదని ఊహింతురు. కేవలము నిలిచియుండుట చాలదు. నడుమ ఆగిపోయినది కూడ కదలక నిలుచును. చేరవలసిన చోటికి చేరినదా అనునది చూడవలెను.

1856లో ఫ్రాన్సు దేశపు లిల్ పట్టణమున బీట్‌రసము పులియబెట్టు కర్మాగారమున కొన్ని తొట్లు పులిసి చెడుచుండగా లూయీ పాశ్చర్ సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. మంచి తొట్లలో గుండ్రని కణములు, చెడినవానిలో దండాకారపు సూక్ష్మజీవులు కనబడినవి. పులియుట జీవుల వ్యాపారమని ఆయన స్థాపించెను. 1897లో బుక్నర్ కణములను నలిపి తీసిన రసము మాత్రమే చక్కెరను పులియబెట్టగలదని చూపి, విచారమును మఱియొక మెట్టు ఎక్కించెను.

మదశక్తి దృష్టాంతము

కిణ్వాదుల కలయికచే మదశక్తి పుట్టినట్లు భూతముల కలయికచే చైతన్యము పుట్టునని చార్వాకులు వాదించిరి. బ్రహ్మసూత్రముల తృతీయాధ్యాయ తృతీయపాదమున శంకరభగవత్పాదులు ఈ పక్షమును నిలిపి ఖండించిరి. రూపాదులు దేహధర్మములు కనుక దేహమున్నంతవరకు ఉండును. చైతన్యము మృతదేహమునందు కనబడదు. కనుక అది దేహధర్మము కాజాలదు. మఱియు దేహము పడినపుడు చైతన్యము కనబడకపోవుట దాని అభావమును నిశ్చయింపజాలదు. అది దేహాంతరమును ఆశ్రయించియుండవచ్చును.

ఈ రెండవ మాట కుండ వద్ద నిలిచిన వైద్యునికి తెలిసినదే. నిశ్శబ్దము అభావమునకు ప్రమాణము కాదు. పాశ్చర్ పరిశోధన వేదాంతమును నిరూపించినదని చెప్పుట అతిశయోక్తి. బుక్నర్ రసము చార్వాకుని గెలిపించినదనుటయు అట్టిదే. కాని జడమని భావింపబడిన కిణ్వము జీవకణముల ఆవాసమని తేలుటతో ఆ దృష్టాంతము మునుపటివలె సులభముగా నిలువదు.

సాధకునికి ఇందు ఒక పాఠమున్నది. జపము చేయుచున్నను లోపల ఏమియు కదలుట లేదని చాలమంది వాపోవుదురు. కొందరు కన్నీరు, పులకరింత కనబడగనే సిద్ధి కలిగినదని తలతురు. రెండును బుడగ లెక్కలే. మూత మాటిమాటికి తీయక, ఉష్ణతను సమముగా నిలిపి, కాలక్రమమున స్వభావమునందలి బరువు తగ్గినదా అని పరీక్షించుకొనవలెను. కోపము నిన్నటికంటె తేలికపడినచో, ఆ తేలిక నిలిచినచో, లోపల సంధానము జరుగుచున్నదని తెలియునది.

ఇతి శమ్.