ఆర్ట్స్ కాలేజీ ముందు సెల్ఫీ ఓకే.. మరి లోపల పాఠాలు ఏ భాషలో చెప్పేవారు?

ఈ ఎపిసోడ్‌లో మనం ఉస్మానియా యూనివర్సిటీకి వెళ్తున్నాం. అడ్మిషన్ కోసమో, ఎగ్జామ్ కోసమో కాదు, అచ్చంగా టూరిస్టుల్లా.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కితే, సీతాఫల్‌మండి దాటాక వరసగా రెండు స్టేషన్లు వస్తాయి. ఒకటి ఆర్ట్స్ కాలేజ్, రెండోది జామియా ఉస్మానియా. 'జామియా' అంటే ఉర్దూలో యూనివర్సిటీ. ఈ స్టేషన్ బోర్డులోనే మన అసలు కథ ఉంది.

ముందు బిల్డింగ్ చూద్దాం. నేను వెళ్లింది సాయంత్రం పూట. ఎండ వాలే టైమ్‌కి ఆ గులాబీ రంగు గ్రానైట్ చూడాలండీ, భలే ఉంటుంది. మెట్లెక్కి దగ్గరగా చూడండి. స్తంభాలు చూస్తే అజంతా, ఎల్లోరా గుర్తొస్తాయి. తల పైకెత్తితే మసీదుల్లో కనిపించే కమాన్లు. ఇదంతా కావాలని చేసిందే. నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని వేరే దేశాల్లో యూనివర్సిటీలు ఎలా కట్టారో చూసి రమ్మని పంపింది. తర్వాత ఈజిప్టులో పనిచేసిన బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ డిజైన్ ఇచ్చాడు. 1934లో పునాదిరాయి వేశారు. 1939లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించాడు.

ఇక్కడిదాకా గైడ్ ఎవరైనా చెప్తారు. నన్ను ఆపేసిన విషయం వేరే ఉంది.

యూనివర్సిటీ మొదలైంది 1918లో. అప్పట్లో మన దేశంలో యూనివర్సిటీ చదువు అంటే ఇంగ్లిష్ చదువే. ఇక్కడ మాత్రం ఫిజిక్స్, చరిత్ర, లా, తర్వాత మెడిసిన్, ఇంజినీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు. ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఉండేది, అంతే. మరి పుస్తకాలు? అవే లేవు! అందుకే 1917లోనే 'దారుల్ తర్జుమా' అని ఒక అనువాద సంస్థ పెట్టారు. అక్కడ పండితులు కూర్చుని ఒక్కో సైన్స్ పదానికి ఉర్దూ మాట తయారుచేసి, వందల పుస్తకాలు అనువాదం చేశారు. "మన భాషల్లో సైన్స్ చెప్పడం కుదరదు" అని ఎవరైనా అంటే ఈ బిల్డింగ్ చూపించండి. కుదిరింది. వందేళ్ల కిందటే కుదిరింది.

కానీ రెండో వైపు కూడా చూడాలి కదా. హైదరాబాద్ రాజ్యంలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడ వాళ్లూ లక్షల్లో ఉన్నారు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు తక్కువ. అంటే పాలమూరు పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లాడికి ఇంగ్లిష్ ఎంత దూరమో, పుస్తకాల్లోని ఉర్దూ కూడా ఇంచుమించు అంతే దూరం. తెలుగు శాఖ ఉండేది, కవి రాయప్రోలు సుబ్బారావు అందులో ఆచార్యులు. అయితే తెలుగు అక్కడ ఒక సబ్జెక్ట్ మాత్రమే.

బయట పరిస్థితి ఇంకా ఘోరం. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే జనం గోలచేసి, ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది.

క్యాంపస్‌లోనూ మంట రాజుకుంది. ఈ బిల్డింగ్ తెరవడానికి ఏడాది ముందు, 1938లో, హాస్టల్ ప్రార్థన గదుల్లో వందేమాతరం పాడొద్దన్నారు. పాడతాం అని విద్యార్థులు సమ్మె చేశారు. వందల మందిని పంపించేశారు. చాలామంది నాగపూర్ వెళ్లి చదువు పూర్తిచేశారు. తర్వాత ప్రధాని అయిన పీవీ నరసింహారావు గారు వాళ్లలో ఒకరు. 1969లో, మళ్లీ 2009లో తెలంగాణ ఉద్యమం ఈ మెట్ల మీదే ఎందుకు రగిలిందో ఇప్పుడు అర్థమవుతుంది. అడగడం ఈ క్యాంపస్‌కి పాత అలవాటు.

మరి ఆ ఉర్దూ చదువు ఏమైంది? 1948లో పోలీస్ యాక్షన్‌తో హైదరాబాద్ ఇండియాలో కలిసింది. ఆ తర్వాత మీడియం మారింది. తెలుగు వచ్చిందా? లేదు. ఇంగ్లిష్ వచ్చింది. కష్టపడి కట్టిన పదాలు, పుస్తకాలు అలమారాల్లోకి వెళ్లిపోయాయి.

నా ఉద్దేశం ఏంటంటే, ఉస్మానియా మనకి రెండు పాఠాలు చెప్తోంది. ఏ భాషలోనైనా పెద్ద చదువు చెప్పొచ్చు, ప్రభుత్వం డబ్బు, ఓపిక పెడితే చాలు. ఇంకోటి, ఆ భాష ఎవరిదో అడగకపోతే, ఎంత గొప్ప బిల్డింగ్ కట్టినా సగం మంది గుమ్మం బయటే ఉండిపోతారు. తెలుగు మీడియమా, ఇంగ్లిష్ మీడియమా అని మనం ఇప్పుడు కొట్టుకుంటున్నాం చూడండి, ఆ గొడవకి ఈ రెండు పాఠాలూ పనికొస్తాయి.

ఈసారి వెళ్తే ఫొటో దిగండి, తప్పులేదు. అలాగే మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒక మాట అడగండి: తాతలు, ముత్తాతలు ఏ మీడియంలో చదివారు? ఉర్దూ అయితే, కింద కామెంట్‌లో మాకూ చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.