అంకెలు కలిసిన కారు

2014 జూన్‌లో సియాటిల్‌లో మీకమ్ సంస్థ జరిపిన వేలంలో ఒక నీలం రంగు కారు 35 లక్షల డాలర్లు పలికింది. అది 1971 నాటి ప్లిమత్ హెమీ కుడా, పైకప్పు మడిచే కన్వర్టిబుల్. కొత్తలో ఆ రకం కారు మూల ధర 3,400 డాలర్ల పైచిలుకు. హెమీ ఇంజన్ కావాలంటే ఇంకో 880 డాలర్లు అదనం. దాన్ని ఏ రాజు కోసమో ప్రత్యేకంగా చేయించలేదు. దాదాపు చుట్టూ డెట్రాయిట్ నగరమే ఉన్న హామ్‌ట్రమ్క్ అనే చిన్న ఊళ్లో, మామూలు కార్లు తయారయ్యే లైను మీదే తయారైంది. ఆ ధర ఎందుకొచ్చిందో తెలియాలంటే కారు పుట్టుకతో పాటు, దాన్ని అమ్మేటప్పుడు చూపించే అంకెల పుట్టుక కూడా తెలుసుకోవాలి.

ముందు ఇంజన్ సంగతి. పెట్రోలూ గాలీ మండే గది పైభాగం అర్ధగోళంగా (హెమిస్ఫియర్, అందుకే హెమీ) ఉంటే వాల్వులను పెద్దవిగా, ఎదురెదురుగా అమర్చుకోవచ్చు. స్పార్క్ ప్లగ్ దాదాపు నడిమధ్యకు వస్తుంది. గాలి ధారాళంగా లోపలికొస్తుంది, పొగ అంతే ధారాళంగా బయటికి పోతుంది. ప్లిమత్ కార్లు తయారుచేసే క్రైస్లర్ కంపెనీ ఇంజనీర్లు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక విమాన ఇంజన్ కోసం ఈ పద్ధతి మీద పనిచేశారు. 1951లో అదే ఆలోచనను 180 హార్స్‌పవర్ వీ-8 రూపంలో కార్లలోకి తెచ్చారు. తయారీ ఖర్చు, బరువు రెండూ ఎక్కువ కావడంతో 1958 తరవాత పక్కన పెట్టేశారు. రేసుల్లో వెనకబడుతున్నామని తోచినప్పుడు మళ్లీ బయటికి తీశారు. టామ్ హూవర్ తదితర ఇంజనీర్లు రూపొందించిన 426 ఘనపుటంగుళాల ఇంజన్, అంటే 7 లీటర్లది, 1964 ఫిబ్రవరిలో డేటోనా 500 రేసులో దిగింది. మొదటి మూడు స్థానాలూ ప్లిమత్ కార్లవే. గెలిచిన రిచర్డ్ పెటీ 200 ల్యాపుల్లో 184 ల్యాపులు ముందే నడిచాడు.

ఇంత ఏకపక్షంగా సాగితే రేసు నిర్వాహకులు ఊరుకోరు కదా. ప్రజలకు అమ్మే కార్లలో లేని ఇంజన్‌తో పోటీకి రావద్దని నాస్కార్ 1965లో కట్టడి పెట్టింది. క్రైస్లర్ అలిగి తప్పుకుంది. పెటీ అదే ఇంజన్‌ను ఒక ప్లిమత్ బారకూడాలో పెట్టించుకుని, దాని మీద ‘అవుట్‌లాడ్’ అని రాయించుకుని డ్రాగ్ రేసులకు వెళ్లాడు. మరుసటి ఏడాదికి క్రైస్లర్ దారికొచ్చింది. 1966 మోడల్ నుంచి హెమీని షోరూముల్లో అమ్మకానికి పెట్టింది: నాలుగు నోళ్ల కార్బురేటర్లు రెండు, కాగితం మీద 425 హార్స్‌పవర్. రోడ్డు మీద తిరిగే హెమీ పుట్టడానికి కారణం కొనేవాళ్లు అడగడం కాదు, రేసు నిబంధన. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే అవి అంత కొద్దిగా ఎందుకు అమ్ముడయ్యాయో తేలిగ్గా అర్థమవుతుంది.

ఈలోగా అమెరికా రోడ్ల మీద ఇంకో గాలి వీచింది. మధ్యస్థాయి కార్లలో 330 ఘనపుటంగుళాలు మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో నియమం ఉండేది. పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్, ఆయన సహచరులు 389 ఇంజన్‌ను టెంపెస్ట్ కారుకు ‘అదనపు సదుపాయం’గా చేర్చి ఆ నియమాన్ని దాటేశారు. అదే 1964 జీటీఓ. మొదటి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి. యువతరానికి కావలసింది చిన్న ఒళ్లు, పెద్ద ఇంజన్ అని డెట్రాయిట్ అంతటికీ తెలిసొచ్చింది. ప్లిమత్ బారకూడా కూడా ఆ ఏడాదిదే. ఏప్రిల్ 1న, ఫోర్డ్ మస్టాంగ్ కన్నా రెండు వారాలు ముందు విడుదలైంది. అయినా పేరంతా మస్టాంగ్‌కే దక్కింది. 1970లో జాన్ హెర్లిట్జ్ గీసిన కొత్త రూపంతో బారకూడా పూర్తిగా మారిపోయింది. వెడల్పైన ఒళ్లు, పొట్టి తోక, ఇంజన్ వణికినప్పుడల్లా బానెట్ రంధ్రంలోంచి తానూ వణికే గాలి డబ్బా. నా మటుకు నాకు ఆ దశాబ్దంలో అమెరికాలో తయారైన కార్లన్నింటిలోకీ అందమైన రూపం అదే. దాని దూకుడు రకమే కుడా. అందులోనూ అన్నిటికన్నా పైమెట్టు హెమీ కుడా.

కొత్తలో దాన్ని అమ్మడం మాత్రం గగనమే అయ్యింది. హెమీ పెట్టించుకుంటే ఏసీ పెట్టరు. బరువైన ఇంజన్ ముందు చక్రాల మీద కూర్చుంటుంది. పెట్రోలు మంచినీళ్లలా తాగుతుంది. పాతికేళ్లు నిండని కుర్రాడు కొనబోతే ఇన్సూరెన్స్ వాళ్లు గుండె ఆగే ప్రీమియం చెప్పేవారు. కన్వర్టిబుల్ కొనేవాళ్లకు ఎండలో హాయిగా తిరగడం కావాలి, రేసు ఇంజన్‌తో వాళ్లకేం పని? అందుకే 1970లో హెమీతో వచ్చిన కుడా కన్వర్టిబుల్స్ 14 మాత్రమే. 1971లో ఎక్కువమంది ఒప్పుకునే లెక్క 11. ఈ కష్టం ప్లిమత్‌ది మాత్రమే కాదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో లా హార్ప్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ గిబ్ అనే షెవ్రొలె డీలరు 1969లో అల్యూమినియం జెడ్‌ఎల్-1 ఇంజన్ ఉన్న కమారోలు 50 తెప్పించాడు. ఒక్కోటి 7,200 డాలర్లు దాటడంతో అవి షోరూమ్‌లోనే నిలబడిపోయాయి. చాలావాటిని చివరికి కంపెనీయే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మొత్తం తయారైనవి 69. వాటిలో ఒకటి ఇప్పుడు అమ్మకానికొస్తే కొనేవాళ్లు ఎగబడతారు.

1970లో గాలి కాలుష్య చట్టం వచ్చింది. హెమీకి 1971 ఆఖరి సంవత్సరం. 1973 చివర అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. సరిగ్గా పదేళ్లు నిండిన రోజున, 1974 ఏప్రిల్ 1న, బారకూడా తయారీయే నిలిచిపోయింది. ఆ తరవాత కొన్నేళ్లు ఇవి వట్టి సెకండ్‌హ్యాండ్ బండ్లు. రేసు కుర్రాళ్లకు కావలసింది ఇంజనే కాబట్టి దాన్ని ఊడదీసి తేలికైన ఇంకో కారులో బిగించుకునేవారు. మిగిలిన ఒంట్లో ఏదో చిన్న ఇంజన్ పెట్టి అమ్మేసేవారు, లేదంటే తుప్పుకు వదిలేసేవారు. అలా ఒంటికీ ఇంజన్‌కూ బంధం తెగిన కార్లు దేశమంతా చెల్లాచెదురయ్యాయి. ధరలు పెరగడం మొదలయ్యాక ప్రతి కొనుగోలుదారుడి నోటా వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: ఈ ఒంట్లో పుట్టిన ఇంజనేనా ఇది? ఆ ప్రశ్నకు జవాబిచ్చే కారునే ‘మ్యాచింగ్ నంబర్స్’ కారు అంటారు.

ఆ అంకెలను దగ్గరగా చూద్దాం. డాష్‌బోర్డు మీద, ముందు అద్దంలోంచి కనిపించే చోట, చిన్న లోహపు ప్లేటు మీద 13 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. మన హెమీ కుడా కన్వర్టిబుల్‌కు అవి బీ ఎస్ 27 ఆర్ 1 బీ అని మొదలవుతాయి. బీ అంటే బారకూడా, ఎస్ దాని ధర శ్రేణి, 27 కన్వర్టిబుల్ ఒళ్లు, ఆర్ హెమీ ఇంజన్, 1 అంటే 1971, చివరి బీ హామ్‌ట్రమ్క్ ఫ్యాక్టరీ. ఆ పైన ఆరంకెల వరస సంఖ్య. పైకప్పు మడవని హార్డ్‌టాప్ అయితే 27 ఉన్న చోట 23 ఉంటుంది. ఆ ఒక్క అంకె తేడా లక్షల డాలర్ల తేడా. ఇంజన్ బ్లాకు మీద, కింద ఆయిల్ పాన్ అంచు దగ్గర, సంవత్సరం అంకె, ఫ్యాక్టరీ అక్షరం, ఆ ఆరంకెలు మళ్లీ గుద్ది ఉంటాయి. గేర్‌బాక్సు మీదా అంతే. బ్లాకు పోతపోసిన తేదీ కారు తయారైన తేదీకి ముందుండాలి. అటూ ఇటూ అయితే కథ అడ్డం తిరిగినట్టే.

బానెట్ ఎత్తితే ఎడమవైపు లోపలి ఫెండర్ మీద ఒక రేకు బిళ్ల ఉంటుంది. దీన్ని కింది వరస నుంచి పైకి చదవాలి. ఇది కారు జాతకచక్రం లాంటిది: ఈ-74 అని ఉంటే హెమీ, డీ-21 అంటే నాలుగు గేర్ల మాన్యువల్, బీ-5 అంటే సియాటిల్ కారు నీలం. అన్నిటికన్నా విలువైన సాక్ష్యం మాత్రం కాగితం. తయారీ లైను మీద పనివాళ్లకు ఏ కారుకు ఏం బిగించాలో చెప్పడానికి టెలిప్రింటర్ నుంచి ‘బ్రాడ్‌కాస్ట్ షీట్’ అనే పత్రం వచ్చేది. దాంతో పని అయ్యాక దాన్ని సీటు స్ప్రింగుల్లోకి దోపేసేవారు, లేదా పెట్రోలు ట్యాంకు మీద వదిలేసేవారు. యాభై ఏళ్ల తరవాత వెనక సీటు విప్పిన మనిషికి ఎలకలు కొరికిన ఆ పత్రం దొరికితే పండగే. క్రైస్లర్ దగ్గర పాత తయారీ రికార్డులు 1967 వరకే ఉన్నాయి. 1970, 71 కార్లకు కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం లేదు. అందుకే సీట్లో దొరికిన ఆ చిత్తు కాగితానికి అంత గౌరవం. ఫోర్డ్ అభిమానుల అదృష్టం వేరు. 1967 నుంచి ఫోర్డ్ రికార్డులు భద్రంగా ఉండటంతో ‘మార్టీ రిపోర్టు’ పేరుతో వివరాలన్నీ తెప్పించుకోవచ్చు.

ఇక రిస్టోరేషన్. ఇంజన్, సీట్లు, తీగలు, అద్దాలు అన్నీ విప్పి, వట్టి ఒంటిని ముందూ వెనకా రెండు స్టాండ్లకు బిగించి గుండ్రంగా తిప్పుతూ అడుగుభాగం దాకా బాగుచేస్తారు. తుప్పు కోసేసి కొత్త రేకు అతుకుతారు. మొదట్లో ఈ పనిచేసేవాళ్లు కారును ఫ్యాక్టరీ ఎన్నడూ చేయనంత నున్నగా, అద్దంలా మెరిసేలా చేసేవారు. ఇప్పుడు అభిరుచి మారింది. హామ్‌ట్రమ్క్‌లో గంటల లెక్కన పనిచేసిన పెయింటరు అడుగున ఎక్కడ రంగు తుంపర వదిలేశాడో, తనిఖీ చేసిన మనిషి ఏ బోల్టు మీద ఏ రంగు చుక్క పెట్టాడో, మైనపు పెన్సిల్‌తో ఎక్కడ గీత గీశాడో పాత కార్లను చూసి నేర్చుకుని మళ్లీ అలాగే పెడుతున్నారు. ఫ్యాక్టరీలో జరిగిన చిన్న తప్పులను కూడా తిరిగి చేయడమే నిజమైన రిస్టోరేషన్ అని నేను నమ్ముతాను. ఆ పనివాళ్ల చేతి గుర్తును చెరిపేసి కారును కాపాడామనడం నాకు ఒప్పుదల కాదు.

అసలు రిస్టోర్ చేయకపోవడమే మేలనే వాదనకూ బలం ఉంది. స్టీవ్ మెక్వీన్ ‘బుల్లిట్’ సినిమాలో నడిపిన 1968 మస్టాంగ్ ఒకే కుటుంబం దగ్గర దశాబ్దాలు ఉండిపోయి, పాత మచ్చలతో సహా 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిస్సిమీ వేలానికి వచ్చింది. పాట 34 లక్షల డాలర్ల దగ్గర ఆగింది, ఫీజులతో కలిపి 37.4 లక్షలు. కానీ అన్ని కార్లకూ ఆ భాగ్యం ఉండదు. తుప్పు తినేసిన ఒంటిని అలాగే వదిలేస్తే మిగిలేది ఆ అంకెల ప్లేటు ఒక్కటే.

వేలాల చరిత్ర కూడా ఈ కార్ల వయసుదే. ఆరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో బారెట్-జాక్సన్ సంస్థ 1971లో, మీకమ్ 1988లో మొదలయ్యాయి. 2006లో స్కాట్స్‌డేల్‌లో 1970 నాటి హెమీ కుడా కన్వర్టిబుల్ 20 లక్షల డాలర్లు దాటింది. 2008 ఆర్థిక సంక్షోభంలో ధరలు నేలకు దిగాయి. తరవాత మళ్లీ లేచాయి. 2021 మే నెలలో ఇండియానాపొలిస్‌లో 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ మీద పాట 48 లక్షల డాలర్ల దాకా పోయింది. యజమాని లోపల పెట్టుకున్న కనీస ధర అందలేదు. కారు అమ్ముడుపోకుండానే ఇంటికెళ్లింది. అంత డబ్బు కాదనుకోగలిగే మనిషికి తన కాగితాల మీద ఎంత నమ్మకం ఉండాలి!

డబ్బు పెరిగేకొద్దీ మోసమూ పెరిగింది. చిన్న ఇంజన్‌తో పుట్టిన కుడాకు హెమీ బిగిస్తే పైకి తేడా కనిపించదు. ‘నాష్ బ్రిడ్జెస్’ టీవీ సీరియల్‌లో డాన్ జాన్సన్ నడిపిన పసుపు కుడాను జనం హెమీ అనుకుంటూ చూశారు. చిత్రీకరణకు వాడినవి అలా తయారుచేసిన నకళ్లు. నకలు అని చెప్పి అమ్మితే తప్పేమీ లేదు, అలాంటి కారు నడపడమూ సరదాయే. బ్లాకు మీద పాత అంకెలు అరగదీసి కొత్తవి గుద్ది అసలు అని అమ్మడం మాత్రం దొంగతనం. అంకెల చుట్టూ పోతలో సహజంగా ఉండే గరుకుదనం పోయి నున్నగా ఉందంటే అనుమానించాలి. నిజాయితీ ఉన్న అమ్మకందారు ఏది అసలు, ఏది మార్చింది, ఏ రేకు కొత్తది అన్నీ ఫొటోలతో ఫైలులో పెడతాడు. అలాంటి ఫైలు చూసి నిర్ణయించుకున్న మనిషికి తరవాత మనస్తాపం ఉండదు.

మిషిగన్‌లో ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు ఉండే తెలుగువాళ్లలో కార్ల కంపెనీల ఇంజనీర్లు చాలామంది. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్‌లో వాళ్లు ఈ కార్లను దగ్గరగా చూడగలరు. అక్కడ ఎవరైనా ఇలాంటి బండి అమ్ముతామంటే ముందు అడగవలసింది డాష్‌బోర్డు ప్లేటు గురించే. రిస్టోర్ చేసిన ఒక 1959 కార్వెట్‌ను ఇండియానాలో కొని కాన్సాస్‌లో రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్తే, రిస్టోరేషన్‌లో అంకెల ప్లేటును విప్పి మళ్లీ బిగించారన్న కారణంతో పోలీసులు కారును స్వాధీనం చేసుకున్నారు. కొన్న మనిషి తప్పేమీ లేదు, ఎవరూ ఉందనలేదు. అయినా కారు ఏళ్ల తరబడి చిక్కుకుపోయింది. పాత కార్ల రిస్టోరేషన్‌కు మినహాయింపు ఇస్తూ కాన్సాస్ 2022లో చట్టం సవరించాకే దారి తెరుచుకుంది. అందుకే తెలిసిన రిస్టోరర్లు డాష్‌బోర్డుకు రంగు వేసేటప్పుడు కూడా ఆ ప్లేటును కదపరు. చుట్టూ టేపు కట్టి, పువ్వు ఆకారంలో ఉండే పాత రివెట్లను ముందే ఫొటో తీసి, ఆ ఫొటోను ఫైలులో మొదటి పేజీకి అతికిస్తారు.